తీర్థంలో జనాన్ని కాగితం మీదికి తేవడం ఎలా?

మధురవాడ మసి · జనవరి 19, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ముక్కనుమ నాడు అనకాపల్లి దగ్గర మా అత్తవారి ఊరి తీర్థానికి, అదే ఊరి జాతరకు, స్కెచ్ పుస్తకం పట్టుకుని వెళ్లాను. మన వైపు వారికి కొత్తగా చెప్పనక్కరలేదు, సంక్రాంతి మొదలుకొని ఆ చుట్టుపక్కల రోజుకో ఊళ్లో తీర్థం జరుగుతూనే ఉంటుంది. ఎడ్ల పందెం చూసి, జీళ్లు కొనుక్కుని, సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా ఒక గాజుల కొట్టు పక్కన నిలబడి గీశాను. పదకొండు కాగితాలు. ఇంటికొచ్చి చూసుకుంటే పదకొండింటిలోనూ చీమలు ఒలికిపోయినట్టు ఉంది తప్ప మనిషి లేడు.

సరే, ఫోనులో తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని పెద్ద కాగితం మీద నీటిరంగులతో మొదలుపెట్టాను. మూడు రాత్రులు పట్టింది. జెయింట్ వీల్‌ను స్కెచ్ చూసి వేశాను, ఊచలతో సహా బాగా కుదిరింది. దాని కింద జనం మాత్రం పాతిన గుంజల్లా నిలబడ్డారు. పైగా కొందరు నేల మీద, కొందరు నేలకు జానెడు పైన. మా ఆవిడ వచ్చి చూసి, "ఇది తీర్థమా, రేషను కొట్టు ముందు వరసా?" అని అడిగి వెళ్లిపోయింది.

బొమ్మ జత చేస్తున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి. జనాన్ని ఎలా గీయాలి? రాత్రి దీపాల వెలుగు ఎందుకు రావడం లేదు?

పాత కుంచె · జనవరి 19, రాత్రి 11:35

మసి గారూ, ఒక్క ప్రశ్న. ఫోటో తీసేటప్పుడు ఫోను తల మీదికి ఎత్తి పట్టుకున్నారా?

మధురవాడ మసి · జనవరి 19, రాత్రి 11:41

అవును మాస్టారూ. ముందంతా జనమే, ఎత్తకపోతే వీపులు తప్ప ఏమీ కనబడలేదు. మీకెలా తెలిసింది?

పాత కుంచె · జనవరి 20, ఉదయం 5:50

నిద్ర పట్టని వయసు, అందుకే ఈ వేళలో రాస్తున్నాను. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు డ్రాయింగు చెప్పినవాణ్ణి, కాస్త పాఠంలా ఉంటే ఓర్చుకోండి.

చదునైన నేల మీద నిలబడి చూస్తున్నారనుకోండి. మీ కంటి ఎత్తే క్షితిజరేఖ. మీ అంత పొడుగు మనిషి పది అడుగుల దూరంలో ఉన్నా, వంద గజాల దూరంలో ఉన్నా, అతని కళ్లు ఆ గీత మీదే ఉంటాయి. మారేది పాదాలే. దగ్గరివాడి పాదాలు కాగితం అడుగుకు దిగుతాయి, దూరపువాడివి గీతకు దగ్గరగా పోతాయి. తలలన్నీ ఒక దండెం మీద ఆరవేసినట్టు, కాళ్లు మాత్రం ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా వేలాడుతున్నట్టు. నమ్మకం కుదరకపోతే ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడి చూడండి. సముద్రం ఆకాశాన్ని తాకే గీత మీ ముందు నిలబడినవారందరి కళ్ల మీదుగా పోతుంది.

ఫోనును ఏడడుగుల ఎత్తుకు లేపితే ఆ గీత కూడా ఏడడుగులకు లేస్తుంది. అప్పుడు దగ్గరివాళ్ల తలలు గీతకు బాగా దిగువన పడతాయి, దూరం పోయేకొద్దీ తలలు పైకి లేస్తూ గీతను అందుకోబోతాయి. మీరు చక్రాన్ని స్కెచ్‌లోంచి తీశారు, అంటే మీ కంటి ఎత్తు నుంచి. జనాన్ని ఫోటోలోంచి తీశారు, అంటే చెయ్యెత్తు నుంచి. ఒకే బొమ్మను ఇద్దరు చూస్తున్నారు, ఒకడు రెండోవాడి కంటే అడుగున్నర పొడుగు. పాపం, మీ మనుషులు గాలిలో తేలక ఏం చేస్తారు?

ఎత్తు నుంచి వేయాలంటే నిజంగానే ఎత్తెక్కండి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు జరుగుతుంది కదా. బంధువుల మేడ మీద నుంచి ఎన్నో ఏళ్లు గీశాను. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మేడ మీద నుంచి చూస్తే జనం తివాచీలా పరుచుకుంటారు. మొహాలుండవు, నడినెత్తులూ భుజాలే. మాను కొసన కూర్చున్న పూజారి ఒక్కడే మన కంటికి ఎదురుగా వస్తాడు. అదే కింద నిలబడి చూస్తే ఆయన అరికాళ్లు ఆకాశంలో ఉంటాయి. రెండూ మంచి బొమ్మలే, ఒక కాగితం మీద కలిపితేనే చెడతాయి.

ఇంకొక్క మాట. ఆ దండెం గీతను పగలగొట్టేవాళ్లు ప్రతి తీర్థంలోనూ ఇద్దరుంటారు. నాన్న భుజాల మీదెక్కిన పిల్ల ఒకరు, కింద చతికిలబడిన బామ్మ ఒకరు. మీ బొమ్మలో ఇద్దరూ లేరు. అందుకే అది రేషను కొట్టు అయింది. మీ ఆవిడ చూపు మంచిది.

కంచరపాలెం కిట్టు · జనవరి 20, మధ్యాహ్నం 2:15

మాస్టారు తలల సంగతి చెప్పేశారు, నేను దీపాల సంగతి చెబుతాను. మా నాన్న బోర్డులు రాసేవారు. నేనూ పదిహేనేళ్లు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక మానేసి ఆటో స్టిక్కర్ల కొట్టు పెట్టుకున్నాను. చెయ్యి మాత్రం ఊరుకోదు.

మసి గారూ, ఇప్పటి ఫోన్లు రాత్రిని రాత్రిగా తీయవు. చీకటిని తవ్వి మరీ వెలుగు చేస్తాయి. మీరు ఆ ఫోటో చూసి వేశారు కాబట్టి డేరాల వెనక కొబ్బరిచెట్లు కూడా పచ్చగా కనబడుతున్నాయి. రాత్రి ఎనిమిదింటికి పచ్చ రంగు కొబ్బరిచెట్టు ఎవరు చూశారండీ? దీపం వెలగాలంటే దాని పక్కన ఉన్నదంతా చావాలి. బొమ్మలో మూడు వంతులు చీకటి ఉంటేనే మిగతా వంతు మండుతుంది.

ఆ చీకటిని నల్లరంగుతో మాత్రం వేయకండి, బొగ్గు పూసినట్టుంటుంది. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా కలపండి. నీలం ఎక్కువైతే ఆకాశం వైపు చీకటి, గోధుమ ఎక్కువైతే నేల వైపు చీకటి. దీపాల వరస కోసం ముందే తెల్ల మైనపు క్రేయానుతో చుక్కలు పెట్టుకోండి, పైన ఎంత రంగు పోసినా అంటదు. బల్బు నడిమి తెల్లగానే వదిలేయాలి, చుట్టూ పలచగా పసుపు, దాని అంచున నారింజ. అందరూ బల్బుకే పసుపు వేసేస్తారు, అక్కడే దీపం ఆరిపోతుంది.

దీపాలు కూడా మారాయి. నా చిన్నప్పుడు తీర్థంలో కొట్టుకో పెట్రొమాక్స్ ఉండేది. ఆ వెలుగు ఒక చోట నుంచే వచ్చేది కాబట్టి మొహంలో సగం వెలుగు, సగం చీకటి, ముక్కు నీడ చెంప మీద పొడుగ్గా పడేది. బొమ్మ దానంతట అదే తయారయ్యేది. ఇప్పుడు నలువైపులా ఎల్ఈడీ తీగలు. ఒకే మొహం మీద ఎడమ చెంప ఊదా, కుడి చెంప ఆకుపచ్చ. కొత్తవాళ్లు దాన్ని చర్మం రంగుతో సరిదిద్దాలని చూస్తారు. దిద్దవద్దు. ఆకుపచ్చ చెంపను ఆకుపచ్చగానే ఉంచండి, చూసేవాడు అర్థం చేసుకుంటాడు.

మా నాన్న సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. వేసవిలో ఎగ్జిబిషన్ వచ్చినప్పుడల్లా బావిలో మోటారు సైకిల్ ఆటకూ, నాగకన్య ఆటకూ రేకు మీద ఎనామిల్ రంగులతో బోర్డులు ఆయనే రాసేవారు. ఒక ఏడాది మోటారు సైకిల్ బోర్డు సగంలో ఉండగా, ఆ బండి నడిపే మనిషి వచ్చి చాలాసేపు చూసి, "బొమ్మలో నాకు మీసం పెట్టండి" అన్నాడు. అతనికి మీసం లేదు. "ఎందుకయ్యా?" అంటే, "మా ఊళ్లో ఉన్నప్పుడు ఉండేది" అన్నాడు. నాన్న పెట్టారు. ఆ తరువాత వారం రోజులు అతను ఆట లేనప్పుడల్లా వచ్చి ఆ బోర్డు కిందే కూర్చునేవాడు.

అప్పుఘర్ అమ్మాయి · జనవరి 20, రాత్రి 9:05

కిట్టు గారూ, మీ మీసం మనిషి ఒక్కడు చాలు, నాకు ఆ ఎగ్జిబిషన్ అంతా కనబడింది. నేను చెప్పాలనుకున్నదీ అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివే రోజుల్లో నేనూ ఇలాగే జనాన్ని పట్టుకోవాలని పరుగులు పెట్టాను. ఇప్పుడు తీర్థానికి వెళితే ఒక్క మనిషిని చూసుకుని కూర్చుంటాను. చూడటానికి వచ్చినవాళ్లను కాదు, అక్కడ పని చేసేవాళ్లను.

దీనికి ఒక సదుపాయం ఉంది. వచ్చినవాళ్లు నిలవరు, పనిచేసేవాళ్లు చేసిన పనే మళ్లీ చేస్తారు. చేతితో తిప్పే చిన్న రంగులరాట్నం చూశారు కదా. కుర్రాడు చట్రం ఎక్కుతాడు, పైనున్న ఊచ పట్టుకుని తన బరువంతా వేలాడదీసి కిందికి దిగుతాడు, నేలకు ఆనగానే వదిలేసి మళ్లీ ఎక్కుతాడు. ఎక్కడం, వేలాడటం, దిగడం, దుమకడం. నేను ఒకే కాగితం మీద నాలుగు బొమ్మలు మొదలుపెడతాను. అతను వేలాడుతున్నప్పుడు రెండో బొమ్మలో రెండు గీతలు, దూకినప్పుడు నాలుగో బొమ్మలో రెండు గీతలు. ఇరవై నిమిషాల్లో నాలుగూ పూర్తవుతాయి. మనిషి కదిలిపోయాడన్న కంగారు ఉండదు, మళ్లీ అక్కడికే వస్తాడు.

జీళ్ల మనిషి ఇంకా నయం. ముదురు బెల్లం పాకాన్ని గుంజకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతాడు, మడిచి మళ్లీ తగిలిస్తాడు. మొదట పాకం తేనె కంటే నల్లగా ఉంటుంది. లాగేకొద్దీ గాలి దూరి బంగారు రంగుకు, ఆ తరువాత ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. నేను ఆ రంగు మారడాన్ని పక్కపక్కన ఏడు మరకలుగా వేసుకున్నాను. మనిషిని వేయనే లేదు, మణికట్టు నుంచి వేళ్ల దాకా రెండు చేతులు మాత్రం వేశాను. బొటనవేలి గోరులో నువ్వు గింజ ఇరుక్కుని ఉంది. నా బొమ్మల్లో నాకు నచ్చినది అదొక్కటే.

దూరపు కొండ · జనవరి 21, ఉదయం 7:30

(నేనుండేది న్యూజెర్సీ, పుట్టింది మహారాణిపేట. పేరు చూసి నవ్వుకోండి.)

మీరంటున్న రెండు దారులకూ పాత ఉదాహరణలు నేను కళ్లారా చూశాను. వియన్నా మ్యూజియంలో పెద్ద బ్రూగెల్ 1559లో వేసిన కార్నివాల్, లెంట్ పోరు బొమ్మ ఉంది. దాదాపు 118 × 164 సెంటీమీటర్ల చెక్క మీద ఊరి కూడలి అంతా ఉంటుంది. మాస్టారు చెప్పినట్టు మేడ ఎక్కి చూసిన చూపు. మాంసాహారం మానే నలభై రోజుల ఉపవాసానికి ముందు జరుపుకునే తిండి పండగ ఒక వైపు, ఉపవాసం ఒక వైపు. పీపా మీద గుర్రమెక్కినట్టు కూర్చున్న లావుపాటి మనిషి చేతిలో ఈటెకు బదులు మాంసం గుచ్చిన ఇనుప చువ్వ. ఎదురుగా బక్కచిక్కిన మనిషి చేతిలో రొట్టెలు కాల్చే తెడ్డు, దాని మీద రెండు చేపలు. చుట్టూ ఉన్న జనంలో ఎవరి పనిలో వాళ్లున్నారు, ఒక్కడూ మన వైపు చూడడు. నేను గంటసేపు నిలబడ్డాను, కాళ్లు పీకాయి.

న్యూయార్క్‌లో సేరా 1887–88లో వేసిన సర్కస్ గుడారం ముందరి బొమ్మ ఉంది. కిట్టు గారు తప్పక చూడాలి. పైన గ్యాసు దీపాల వరస, మధ్యలో ట్రాంబోన్ ఊదేవాడు, అడుగున చూసేవాళ్ల తలలు వెనక నుంచి నల్లగా. అంతా చుక్కలే. టిక్కెట్లు అమ్ముకోవడానికి గుడారం బయట చేసే ఉచిత ప్రదర్శన అది. ఆట లోపల ఉంది, ఆయన వేసింది గుమ్మం.

ఇక మన అప్పుఘర్ అమ్మాయి దారి అంటే 1905లో పికాసో వేసిన ఊరూరా తిరిగే సర్కస్ వాళ్ల కుటుంబం. వాషింగ్టన్‌లో ఉంది. రెండు మీటర్ల పైన కాన్వాసు, అందులో డేరా లేదు, ప్రేక్షకుడు లేడు. వేషాలు వేసుకున్న ఆరుగురు బయలు నేల మీద ఊరికే ఉన్నారు.

ఫోటో చూసి వేయడం తప్పని మాస్టారు అనలేదు గానీ, ఎవరైనా అంటారని ముందే చెబుతున్నాను. ఇంగ్లండులో ఫ్రిత్ అనే ఆయన గుర్రప్పందేల జనాన్ని వేసినప్పుడు గ్రాండ్ స్టాండును ఫోటో తీయించుకుని వాడుకున్నాడు. 1858లో ఆ బొమ్మను ప్రదర్శనకు పెడితే చూడటానికి ఎగబడినవాళ్లను ఆపడానికి కటకటా కట్టవలసి వచ్చింది.

పాత కుంచె · జనవరి 21, ఉదయం 8:10

దూరపు కొండ గారూ, బాగా చెప్పారు. వియన్నా టిక్కెట్టు కొనలేనివారి కోసం దగ్గరి కొండలు కూడా రెండు చెబుతాను. అంట్యాకుల పైడిరాజు గారు (1919–86) విజయనగరంలో కూర్చుని పల్లె ఆడవాళ్లను వేశారు. ఆ చీర కట్టు, కొప్పు, గాజులు జానపదుల బొమ్మల్లో ఉన్నంత నిబ్బరంగా ఉంటాయి, నీడలతో పని లేదు. వడ్డాది పాపయ్య గారు (1921–92) శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడ్డారు. మసి గారి అత్తవారి ఊరికి సైకిలు దూరం. ఆయన పండగ బొమ్మల్లో నగలూ, చీర అంచులూ, పూలూ చూడండి. ఇంత అలంకారం ఉన్నా మనిషి వాటి కింద నలిగిపోడు. అదెలాగో నాకు ఇప్పటికీ తెలియదు, వయసు డెబ్బై ఒకటి.

నిర్వాహకుడు · జనవరి 21, మధ్యాహ్నం 12:00

ఈ మధ్యలో కాగితం కంపెనీల మీద జరిగిన పద్నాలుగు వ్యాఖ్యల వాదనను వేరే పేజీకి మార్చాను. తేలింది ఒక్కటే: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నూలు కాగితం తీసుకోండి, పలచటిది సముద్రపు గాలికి అప్పడంలా లేస్తుంది. "హెయిర్ డ్రయ్యర్ తీసుకెళ్లండి" అన్న సభ్యునికి, తీర్థంలో ప్లగ్గు ఎక్కడుందో కూడా చెప్పవలసిందిగా మనవి.

గురువారం గౌరి · జనవరి 22, రాత్రి 8:40

నాకు బొమ్మలు వేయడం రాదు. చదవడానికే వస్తాను. కానీ ఒకటి అడగాలనిపించింది.

మార్గశిర మాసం గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తప్పకుండా వెళతాను. తెల్లవారుజాము నుంచి వరసలో నిలబడతాం. అక్కడ గర్భగుడికి కప్పు లేదని మీకందరికీ తెలుసు. ఆకాశం కిందే అమ్మవారు, మన చేత్తో మనమే పసుపు కుంకుమలు వేస్తాం. ఈసారి వరసలో ఉండగా అవతలి అరుగు మీద ఒక కుర్రాడు పుస్తకంలో గీస్తున్నాడు. చాలాసేపు చూశాక తెలిసింది, నన్నే. పళ్లెం పట్టుకుని చెయ్యి నొప్పెట్టి ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాను, జుట్టు తడి. కోపం రాలేదు. అలాగని సంతోషమూ కాదు. వెంటనే నిటారుగా నిలబడ్డాను. అతను గీయడం ఆపేశాడు.

మీరు ఎవరినైనా వేసేటప్పుడు అడుగుతారా?

అప్పుఘర్ అమ్మాయి · జనవరి 22, రాత్రి 9:20

అక్కా, మీరు అడిగినది సూటిగా తగిలింది. నిజం చెబుతాను, ముందు అడగను. అడిగితే మీరన్నట్టే నిటారుగా నిలబడతారు. గీశాక మాత్రం దగ్గరికి వెళ్లి చూపిస్తాను. వద్దంటే వాళ్ల ముందే ఆ కాగితం చించి వాళ్ల చేతికి ఇచ్చేస్తాను. ఇప్పటికి రెండుసార్లు ఇచ్చాను. రెండోది నిజంగా మంచి బొమ్మ, ఇవ్వలేక ఇచ్చాను. కొట్టు పెట్టుకున్నవాళ్ల దగ్గరైతే ఏదైనా కొని, "కాసేపు కూర్చుని గీసుకుంటాను" అని చెబుతాను, బేరం లేని వేళ చూసి.

పూనకం వచ్చినవాళ్లను ఎప్పుడూ గీయను. ఆ క్షణంలో వాళ్లు అవుననీ కాదనీ చెప్పలేరు.

కంచరపాలెం కిట్టు · జనవరి 22, రాత్రి 9:50

ఇక్కడ నేను ఒప్పుకోను. ఘటాలు ఎత్తుకుని వస్తుంటే నడివీధిలో వేపాకులు పట్టుకుని ఊగిపోయే మనిషి లేకుండా అమ్మవారి పండగ ఎక్కడిది? అది దాచుకునే పని కాదు, ఊరంతా పసుపు నీళ్లు పోసి దణ్ణం పెడుతుంది. దాన్ని వదిలేసి బూరలవాణ్ణీ జీళ్లవాణ్ణీ వేస్తే, పండగను వదిలేసి అంగడిని వేసినట్టే.

పాత కుంచె · జనవరి 23, ఉదయం 6:05

మా గురువుగారు దీనికి వెనక నుంచి వేసేవారు. విప్పారిన జుట్టు, పైకి లేచిన రెండు చేతులు, ఎదురుగా నిలబడి చూసేవాళ్ల మొహాలు. పూనకం వచ్చిన మనిషి ఎవరో తెలియదు, పూనకం మాత్రం ఎదుటివాళ్ల కళ్లలో ఉంటుంది. కిట్టు బాబూ, నీ మాటా నిలుస్తుంది, ఆ అమ్మాయి మాటా నిలుస్తుంది.

కంచరపాలెం కిట్టు · జనవరి 23, ఉదయం 9:30

మాస్టారూ, మీరు ఇద్దరికీ మార్కులు వేసేశారు. సరే, ఎదుటివాళ్ల కళ్లు వేయడం నాకు రాదు, అది వేరే సంగతి.

నేను మనుషుల బొమ్మలు వేయడమే కాదు, మనుషుల మీదే వేశాను, తెలుసా? దసరాకు మా వీధి పులివేషాలకు రంగు పూసేది నేనే. ముందు ఒళ్లంతా పసుపు పూత. అది ఆరే దాకా మనిషి కూర్చోకూడదు, చేతులు దూరంగా చాపి నిలబడాలి. ఆ తరువాత నల్ల చారలు. కొత్తవాళ్లు చారలను అడ్డంగా గీసేస్తారు, జెండా కట్టినట్టుంటుంది. వెన్నెముక దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల వెంబడి కిందికి జారాలి, కొసకు సన్నబడాలి. అప్పుడు మనిషి ఊపిరి పీల్చినా పులి కదిలినట్టుంటుంది. కడుపు మీద తెల్లరంగు పూసేటప్పుడు మాత్రం ఎంతటి పులి అయినా కితకితలకు మెలికలు తిరుగుతుంది.

మధురవాడ మసి · జనవరి 26, రాత్రి 10:15

ఇంత చర్చ జరుగుతుందనుకోలేదు. పాత బొమ్మను చుట్టి అటక మీద పెట్టేశాను. నిన్న ఇంకో ఊరి తీర్థానికి వెళ్లాను, ఫోను జేబులోంచి తీయలేదు.

తప్పెటగుళ్లు, అదే రేకు తప్పెటలు కొడుతూ చేసే జానపద నృత్యం, ఆడుతున్నారు. అమ్మాయి గారు చెప్పినట్టు ఒకే కాగితం మీద నాలుగు బొమ్మలు మొదలుపెట్టాను. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు జట్టులో పెద్దాయన చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. గౌరి గారి మాట గుర్తుకొచ్చి నేనే పుస్తకం చాపాను. ఆయన నాలుగూ చూశారు. మెచ్చుకుంటారేమో అని నిలబడ్డాను. వేలితో చూపించి, "బాబూ, తప్పెట కడుపు మీద వేలాడుతోందేమిటి? గుండె మీద ఉండాలి. కిందికి జారితే చప్పుడు కడుపులోకి పోతుంది" అన్నారు. నా చేతిని తీసుకుని తన తప్పెట మీద పెట్టారు. రేకు వేడిగా ఉంది. తాడు మెడ వెనక ఒరుసుకుని చర్మం కమిలి గట్టిపడి ఉంది. ఆ మచ్చ గీసుకోవచ్చా అని అడిగాను. వెనక్కి తిరిగి నిలబడ్డారు, మళ్లీ డప్పు మొదలయ్యే దాకా.

గురువారం గౌరి · జనవరి 27, ఉదయం 6:30

ఆ బొమ్మ పెట్టండి బాబూ.

మధురవాడ మసి · జనవరి 27, ఉదయం 7:10

పెట్టాను. గీతలు వణికాయి, క్షమించండి.

పాత కుంచె · జనవరి 27, ఉదయం 7:25

మెడ బాగుంది. చెవి మనిషిది కాదు.

మధురవాడ మసి · ఏప్రిల్ 2, రాత్రి 11:20

రెండు నెలలు ఇటు రాలేదు, ఆఫీసు పని. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతర మొదలైంది కదా, నెలంతా ఉంటుంది కాబట్టి తీరిగ్గా మూడుసార్లు వెళ్లాను. ఇదిగో బొమ్మ. ఈసారి కంటి ఎత్తు ఒకటే, నాది. జనం ఉన్నారు గానీ కిట్టు గారి చీకట్లో కలిసిపోయారు, తలల వరస అంచు మాత్రం దీపాలకు వెలుగుతుంది. ముందు ఒక నాన్న వీపు, భుజాల మీద పిల్ల, పిల్ల చేతిలో బూర. పైన కుడి మూల రంగులరాట్నం కుర్రాడి అరికాలు ఒక్కటే కనబడుతుంది, మిగతా మనిషి కాగితం అవతల ఉన్నాడు. చక్రం వేయలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా చాలాసేపు నిలబడింది, తరువాత "జీళ్లు తెచ్చావా?" అంది.

పాత కుంచె · ఏప్రిల్ 3, ఉదయం 5:40

అరికాలి మడమ పగుళ్లలో మట్టి వేశారు, సెబాసు. నాన్న ఎడమ చెయ్యి తప్పు. పిల్ల కాలు జారకుండా పట్టుకున్న చెయ్యి అలా వదులుగా ఉండదు, వేళ్లు పిక్కలోకి దిగాలి. ఇంట్లో పిల్లలుంటే ఎత్తుకుని అద్దం ముందు నిలబడండి.

కంచరపాలెం కిట్టు · ఏప్రిల్ 3, ఉదయం 10:00

చీకటి కుదిరింది. ఎడమ నుంచి మూడో బల్బుకు మళ్లీ పసుపు వేసేశారు.

గురువారం గౌరి · ఏప్రిల్ 3, మధ్యాహ్నం 1:15

అంతా బాగుంది. ఆ పిల్ల చేతిలో బూర తెల్లగా వదిలేశారేమిటి? ఏ రంగు?

మధురవాడ మసి · ఏప్రిల్ 3, రాత్రి 9:45

ఎరుపండీ. దాని చుట్టూ వేసిన చీకటి ఇంకా తడిగా ఉంది. ఈ ఉక్కకు ఆరి చావడం లేదు.